రెండు రోజుల్లో తగ్గించే ట్యూబు

సంక్రాంతి సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి బస్సు దిగేటప్పుడు ముఖానికి చున్నీ చుట్టుకుని ఉంది. దుమ్ముకనుకున్నాను. ఇంటికొచ్చాక కూడా తీయలేదు. అరిసెలు వండుతున్నాను కదా, రుచి చూద్దామని వంటింట్లోకి వచ్చింది. పొయ్యి దగ్గర ఇలా నిలబడిందో లేదో, "అబ్బా, మంట" అంటూ వెనక్కి పోయింది. అప్పుడు చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చున్నీ తీసి చూశాను.

బుగ్గలు రెండూ ఎవరో గట్టిగా కొట్టినట్టు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చర్మం ఉల్లిపొర లాగా పలచబడింది. కింద సన్నని ఎర్ర దారాల్లాగా రక్తనాళాలు కనిపిస్తున్నాయి. చెంపల నుంచి దవడ దాకా నూగు, అంతకు ముందు లేనిది. దాని మీద కొలిచి చల్లినట్టు అన్నీ ఒకే సైజులో పొక్కులు. పదహారేళ్ల పిల్ల.

"ఏం రాశావే దీనికి?"

"ఏం లేదమ్మా. నువ్విచ్చిన ట్యూబే."

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. చర్మం బొమ్మ బోర్డు మీద గీసి, బాహ్యచర్మం, అంతశ్చర్మం, స్వేదగ్రంథి అని పద్దెనిమిదేళ్లుగా భాగాలు గుర్తింపజేస్తున్నాను. ఆ ట్యూబు పిల్ల బ్యాగులో పెట్టింది నేనే. ఆవకాయ సీసా పక్కన, "దోమ కుట్టినా, దురదొచ్చినా రాసుకో, రెండ్రోజుల్లో తగ్గిపోతుంది" అని చెప్పి మరీ పెట్టాను.

ఆ ట్యూబు మా ఇంట్లోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట వానాకాలంలో మా ఆయనకి తొడల్లో తామర వచ్చింది. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాత్రి రాస్తే పొద్దున్నకి దురద లేదు. మూడో రోజుకి ఎరుపు కూడా లేదు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకొంచెం వెడల్పుగా. మళ్లీ ట్యూబు. అలా ఫ్రిజ్ తలుపులో కొత్తిమీర కట్ట పక్కన ఆ ట్యూబుకి ఒక శాశ్వత స్థానం ఏర్పడిపోయింది. చీమ కుట్టినా అదే, చెమట పొక్కులకీ అదే. దాని మీద ఏం రాసి ఉందో మాత్రం ఒక్కసారీ చదవలేదు.

హాస్టల్లో పిల్లకి మొటిమలొచ్చాయి. ఆగస్టులో. ఇంటర్ ఫస్టియర్, పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, టెన్షన్, వయసు, రావడంలో వింతేమీ లేదు. అమ్మ ఇచ్చిన ట్యూబు ఉంది కదా అని రాసింది. రెండు రోజుల్లో ఎరుపు పోయింది. వారానికి ముఖం కొంచెం తెల్లబడింది కూడా. "ఏం వాడుతున్నావే?" అని రూములో మిగతా అయిదుగురూ అడిగారు. మానేస్తే మూడో రోజుకల్లా ముఖం మండేది, మొటిమలు ముందుకంటే ఎక్కువగా వచ్చేవి. మళ్లీ రాస్తే చల్లబడేది. ఔటింగ్ రోజున కాలేజీ ఎదురు షాపులో ఆధార్ అడగలేదు, చీటీ అడగలేదు, కొత్త ట్యూబు ఇచ్చేశారు. జనవరికి అయిదు నెలలు.

ఆ సాయంత్రం ట్యూబుని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదివాను. చీమ కాళ్లంత అక్షరాలు. నాలుగు మందులున్నాయి. టెర్బినఫిన్, ఇది తామర తెచ్చే ఫంగస్‌కి. ఆఫ్లాక్సాసిన్, బాక్టీరియాకి. ఆర్నిడజోల్, అమీబా విరేచనాలకి ఇచ్చే రకం మందు. తొడ మీద తామరకీ దానికీ ఏ సంబంధమూ లేదు, మరి పెట్టారు. నాలుగోది క్లోబెటసాల్ ప్రొపియోనేట్. ఒంటికి రాసే స్టెరాయిడ్లలో అత్యంత బలమైన తరగతికి చెందింది ఇది. పిల్లల ఎగ్జిమాకి, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బుకి, ఇచ్చే తేలికపాటి స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్‌తో పోలిస్తే దీని బలం వందల రెట్లు. అరిపాదం లాంటి మందమైన చర్మం మీద, మొండి సోరియాసిస్ మీద, డాక్టరు లెక్కపెట్టిన రోజుల పాటు రాయాల్సిన మందు. నేను దాన్ని పిల్ల ముఖం దాకా పంపించాను.

ఆ రెండు రోజుల మహిమ ఏమిటో ఒకసారి చూద్దాం. ఇంట్లో దొంగ పడితే కుక్క మొరుగుతుంది. చర్మం మీద ఎరుపు, దురద, వాపు ఆ మొరుగే. ఒంట్లోని రక్షణ కణాలు పని మొదలుపెట్టాయని గుర్తు. స్టెరాయిడ్ వచ్చి కుక్క నోరు కట్టేస్తుంది. ఇల్లంతా నిశ్శబ్దం, మనకి హాయి. దొంగ మాత్రం లోపలే ఉన్నాడు, ఇప్పుడు వాడికి అడ్డు చెప్పేవాళ్లు కూడా లేరు. అందుకే తామర మీద స్టెరాయిడ్ రాస్తే దాని గుండ్రటి అంచు చెరిగిపోయి, దురద తగ్గి, లోపల్లోపల పాకుతుంది. చూసిన డాక్టరు కూడా ఒక్క చూపుకి పోల్చుకోలేనంతగా రూపం మారిపోతుంది. ముఖం తెల్లబడటమూ ఇందులో భాగమే. స్టెరాయిడ్ రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది, రంగు తయారుచేసే కణాల పనిని తగ్గిస్తుంది. మనం దాన్ని నిగారింపు అనుకుంటాం. మానేయగానే ఆ నాళాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, ముఖం కుంకుమ రంగుకి తిరుగుతుంది. భయపడి మళ్లీ రాస్తాం. సిగరెట్టుకీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

ఏలూరులో చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ పిల్ల ముఖం చూసీ చూడగానే, "ఎన్ని ట్యూబులయ్యాయమ్మా?" అని అడిగారు. ఏం రాశావని కూడా అడగలేదు. దీనికి పేరే ఉంది, టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్. మన దేశపు చర్మ డాక్టర్లే పెట్టిన పేరు. ఇక్కడి మెడికల్ షాపులు పుట్టించిన జబ్బుకి ఇక్కడివాళ్లు కాక ఇంకెవరు పేరు పెడతారు!

చట్టం లేదా అంటే ఉంది. మందుల నిబంధనల్లో షెడ్యూల్ హెచ్ అని ఒక జాబితా ఉంది, అందులోవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చర్మానికి రాసే స్టెరాయిడ్లకి చాలాకాలం అందులో వెసులుబాటు ఉండేది. చర్మ డాక్టర్ల సంఘం ఏళ్ల తరబడి పోరాడితే 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ పద్నాలుగు స్టెరాయిడ్లకి ఆ వెసులుబాటు తీసేసింది. ట్యూబు మీద ఎర్ర గీత, హెచ్చరిక అన్నీ ఉన్నాయి. "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ లేకుండా అమ్మరాదు" అన్నది ఆ హెచ్చరిక సారం. ఆ మూడు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు ఏమవుతాయో చూడండి: ఆర్.ఎం.పి. మన పల్లెల్లో ఆర్ఎంపీ అంటే ఎవరో చెప్పక్కర్లేదు. ఏ రిజిస్టరులోనూ పేరు లేకుండా, సైకిలుకో బండికో సంచి తగిలించుకుని ఇంటికొచ్చి సూది వేసే మనిషి. ఎక్కువ ట్యూబులు రాసిచ్చేది కూడా ఆయనే. చట్టం ఎవరి అనుమతి కావాలందో సరిగ్గా ఆ పేరు పెట్టుకున్నవాళ్ల చేతుల మీదుగానే ఊళ్లోకి వస్తోంది మందు. నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఆర్ఎంపీని తిట్టడం సులువు. ఆయన మన తొందరకి తగ్గ సరుకు ఇస్తున్నాడు, అంతే. అసలు నా గొడవ ఆ తొందరతోనే. పిల్లల చర్మం మీద ఏం కనిపించినా రెండు రోజుల్లో పోవాలి మనకి. పోతే మందు మంచిది, డాక్టరు మంచివాడు. మూడు వారాలు పడుతుందని చెప్పిన డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లం. తామర తగ్గాలంటే సరైన మందు కనీసం కొన్ని వారాలు రాయాలి, మచ్చ మాయమయ్యాక కూడా ఇంకొన్నాళ్లు కొనసాగించాలి, తువ్వాళ్లు పంచుకోకూడదు, బిగుతు జీన్సు మానాలి, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకీ అదే సమయంలో వైద్యం చేయించాలి. ఇదంతా ఎవరు వింటారు? ఈ ఓపిక లేనితనం ఎక్కడి దాకా వచ్చిందంటే, మన దగ్గరి తామర ఇప్పుడు పాత మందులకి లొంగడం లేదు. టెర్బినఫిన్‌కి తట్టుకునే ఒక ఫంగస్‌కి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. అందులో 'ఇండో' మనమే. ఈ స్టెరాయిడ్ కలిసిన ట్యూబుల వాడకం కూడా దాని వ్యాప్తికి ఒక కారణమని చర్మ డాక్టర్లు వేలెత్తి చూపిస్తున్నారు.

బడిలో ఈ తొందర నాకు రోజూ ఎదురవుతుంది. పిల్లల బుగ్గల మీద పావలా బిళ్లంత తెల్లటి పొడలు కనిపిస్తాయి చూడండి, అంచు సరిగ్గా లేకుండా, కొంచెం పొట్టు రాలుతూ. ఎండాకాలంలో పిల్ల నల్లబడినప్పుడు మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఒకాయన క్యాల్షియం తక్కువంటాడు. ఒకావిడ కడుపులో పురుగులంటుంది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో నులిపురుగుల మాత్ర వేస్తాం. ప్రతిసారీ ఒక తల్లయినా అడుగుతుంది: "దీంతో మచ్చలు పోతాయా టీచరుగారూ?" పోవు. ఆల్బెండజోల్ మంచి మందే, వేయాల్సిందే, కానీ బుగ్గ మీద పొడకీ దానికీ సంబంధం లేదు. ఆ పొడలని పిటిరియాసిస్ ఆల్బా అంటారు, చర్మం పొడిబారే తత్వమున్న పిల్లలకి వచ్చే తేలికపాటి ఎగ్జిమా. క్యాల్షియం లోపమూ కాదు, బొల్లీ కాదు. స్నానమయ్యాక తడి పూర్తిగా ఆరకముందే ఏదైనా మామూలు మాయిశ్చరైజరు రాస్తుంటే, ఎండలో టోపీ పెడుతుంటే, నెలల మీద దానంతటదే కలిసిపోతుంది. కొందరికి ఏడాది దాటుతుంది కూడా. ఏడాదా! ఆ మాట చెప్పగానే తల్లి ముఖంలో నమ్మకం పోతుంది. పక్క వీధిలో టానిక్కూ ట్యూబూ కలిపి ఇచ్చేవాడి దగ్గరికి వెళ్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పకుండా ఉండలేను. తెల్లటి మచ్చ మీద స్పర్శ లేకపోతే, దూదితో రాసినా తెలియకపోతే, ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కుష్ఠు మందు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది. దానికి కూడా ట్యూబు రాస్తూ కూర్చుంటే నరాలు పోతాయి.

గజ్జి సంగతి ఇంకో కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఏ హాస్టల్ వార్డెన్‌ని అడిగినా ఆ మాట ముందే చెప్పేవారు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ పొక్కులు, రాత్రి దురద ఎక్కువ. పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా ఒక్క చోటు వదలకుండా రాసి, పొద్దున్నే స్నానం చేయాలి, వారం తర్వాత ఇంకోసారి. పసిపిల్లలకైతే డాక్టర్ని అడిగే రాయాలి. చాలామంది చేసే తప్పు ఒక్కటే, దురద ఉన్న పిల్లాడికి మాత్రమే రాయడం. ఇంట్లో అందరూ, నాయనమ్మతో సహా, ఒకే రాత్రి రాసుకోవాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఇంత చేసినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది, ఎందుకంటే చచ్చిన పురుగుల మీద ఒళ్లు ఇంకా అలిగే ఉంటుంది. అక్కడే మళ్లీ మనకి ఓపిక ఉండదు, మందు పని చేయలేదని ట్యూబు దగ్గరికి పోతాం. స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గుతుంది, గజ్జి పురుగులు మాత్రం హాయిగా పెరుగుతాయి. ఆ పిల్లాడి పక్కన కూర్చున్న బెంచీ అంతా అంటించుకుంటుంది.

ఇదంతా చదివి ఎవరైనా స్టెరాయిడ్ అంటేనే విషం అనుకుంటే నేను చెప్పిందానికి అర్థం లేకుండా పోతుంది. మా స్కూల్లో ఒక టీచరు కొడుకు, మూడేళ్లవాడు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. రాత్రంతా గోకి గోకి పక్క దుప్పటి మీద రక్తం మరకలు. డాక్టరు తేలికపాటి స్టెరాయిడ్ క్రీము రాసి, ఎన్ని రోజులు, వేలి చివర ఎంత అని చూపించి మరీ చెప్పారు. ఈవిడ ఆ రాత్రి ఫోన్లో ఏవో వీడియోలు చూసి, ఒక్క రోజుతో ఆపేసింది. నిద్రలేక పిల్లాడు, పిల్లాడితోపాటు ఆవిడ, నెల రోజులు నరకం. చివరికి సరిగ్గా రాస్తే పది రోజుల్లో మడతలు మెత్తబడ్డాయి, ఆ తర్వాత మాయిశ్చరైజరుతోనే నడుస్తోంది. సరైన రోగానికి, సరైన బలంలో, లెక్క ప్రకారం వాడితే స్టెరాయిడ్ అంత మంచి మందు లేదు. పసిపిల్లల విషయంలో లెక్క మరీ ముఖ్యం. వాళ్ల బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, రాసింది రక్తంలోకి ఎక్కువ పోతుంది. డైపర్ కింద రాస్తే మూతపెట్టి ఉడికించినట్టు ఇంకా లోపలికి పోతుంది.

పసిపిల్లలంటే గుర్తొచ్చింది, మా అత్తయ్యతో నాకు సున్నిపిండి దగ్గర పాత తగువొకటి ఉంది. కొబ్బరినూనెతో ఒళ్లు మర్దనా చేయడం నాకూ ఇష్టమే, పిల్లకి హాయి, చర్మానికి మంచిది. ఆ తర్వాత నూగు రాలిపోవాలని సున్నిపిండితో ఒళ్లంతా ఎర్రబడేలా రుద్దడమే నాకు గిట్టదు. ఆ నూగు దానంతటదే రాలిపోతుంది. "మీ ఆయన్ని అలాగే పెంచాను, ఏమైంది?" అంటుంది ఆవిడ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మర్యాద కొద్దీ.

ఇక మొటిమలు. మా అమ్మాయికి ఆగస్టులో నేను చెప్పాల్సింది ఏమిటో నాకు జనవరిలో తెలిసింది. ఆ వయసులో హార్మోన్ల వల్ల నూనె గ్రంథులు ఎక్కువ పనిచేస్తాయి, రంధ్రాలు పూడుకుంటాయి, లోపల బాక్టీరియా పెరుగుతుంది. రోజుకి రెండుసార్లు మెత్తటి సబ్బుతోనో ఫేస్‌వాష్‌తోనో కడిగితే చాలు. నిమ్మచెక్క, వంటసోడా, టూత్‌పేస్టు, వాల్‌నట్ స్క్రబ్బు ఇవన్నీ పుండు మీద కారం. తలకి దట్టంగా పెట్టిన నూనె నుదుటి మీదికి కారుతూ ఉంటే అక్కడ మొటిమలు వరస కడతాయి. తేలిక వాటికి బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి మందులున్నాయి, అవి కూడా డాక్టర్ని అడిగి వాడాలి. మొదట్లో కొంచెం పొడిబారుస్తాయి. ఫలితం కనబడటానికి రెండు మూడు నెలలు. అంటే ఇంటర్‌లో ఒక టర్మ్. గిల్లితే పడే గుంటలు జీవితాంతం ఉంటాయి, నొప్పితో గడ్డల్లా వచ్చేవాటికి మాత్రం ఆగకుండా చర్మ డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

అయితే పిల్ల ఆ ట్యూబుని అయిదు నెలలు వదలకపోవడానికి మొటిమలొక్కటే కారణమా? డాక్టరు గది బయట కూర్చున్నప్పుడు అడిగాను. కాసేపు గోళ్లు చూసుకుని చెప్పింది. "తెల్లగా అయ్యానమ్మా. అందరూ బాగున్నావన్నారు. దసరాకి వచ్చినప్పుడు నువ్వు కూడా అన్నావు."

అన్నాను. గుర్తుంది. గుమ్మంలో దిష్టి తీస్తూ, "హాస్టల్ నీళ్లు పడ్డాయే, రంగొచ్చావు" అన్నాను.

1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. కంపెనీ పెట్టె మీది మాట మార్చింది. మా ఇంట్లో పుట్టిన పిల్లని చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం ఇప్పటికీ ముందు చెవి చివర రంగు చూస్తారు, పెద్దయ్యాక ఏ రంగు తేలుతుందో అంచనా వేయడానికి. మూడో రోజు పసిగుడ్డుకే ఆ పరీక్ష పెట్టే ఇంట్లో, పదహారేళ్ల పిల్ల తెల్లబరిచే ట్యూబు వదులుకోవాలంటే దానికి ఎంత ధైర్యం కావాలి? జీవశాస్త్రం చెప్పే తల్లి ఉండి కూడా ఆ ధైర్యం ఇవ్వలేకపోయింది.

డాక్టరు ఆ ట్యూబు ఆపించారు. ముందే చెప్పారు, ఇంకా ఎర్రబడుతుంది, మండుతుంది, భయపడొద్దని. సువాసన లేని మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్, కొన్నాళ్లు మాత్రలు. మొదటి మూడు వారాలు పిల్ల అద్దం వైపు చూడలేదు. సెకండియర్ మొదలయ్యేనాటికి మంట పోయింది, ఎరుపు చాలావరకు తగ్గింది. సన్నటి రక్తనాళాలు కొన్ని ఇంకా కనిపిస్తాయి. రంగు దాని సొంత రంగుకి వచ్చింది, వాళ్ల నాన్న రంగు. మా ఆయన తొడల తామరకి అదే డాక్టరు దగ్గర సిగ్గు విడిచి చూపించుకుంటే రెండున్నర నెలలకి కుదిరింది. ఫ్రిజ్ తలుపులో ఇప్పుడు కొత్తిమీర ఒక్కటే ఉంది.

మొన్న ఆదివారం హాస్టల్లో పేరెంట్స్ విజిట్ అప్పుడు, రూమ్మేట్ ఒకమ్మాయి వాళ్లమ్మ ఫోన్ నుంచి నాకు చేసింది. "ఆంటీ, మా మామయ్య నాకు వేరే ట్యూబు పంపించాడు. ఇది మంచిదేనట. పేరు చదవమంటారా?" అంది.

"పైన పేరు కాదమ్మా, కింద చిన్నక్షరాలు చదువు" అన్నాను.

"మరీ చిన్నవి ఆంటీ. ఉండండి... ఎమ్, ఓ, ఎమ్, ఈ, టీ..."

"మోమెటసోన్. ఇదీ స్టెరాయిడే. తర్వాత?"

"హెచ్, వై, డీ, ఆర్, ఓ..."

"హైడ్రోక్వినోన్, తెల్లబరిచే మందు. చాలు నాన్నా. మీ అమ్మకి ఒకసారి ఫోన్ ఇవ్వు."